తడిలో ఉన్న ప్రోటీన్‌ను తడిలోనే చూడాలి

రక్తనాళంలోకి దించిన కాథెటర్ రక్తాన్ని తాకిన కొన్ని సెకన్లకే దాని ప్లాస్టిక్ ఉపరితలం మరుగున పడిపోతుంది. రక్తంలోని ప్రోటీన్లు వచ్చి దానిమీద పొరలా అతుక్కుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. ఆ తర్వాత వచ్చే ప్లేట్‌లెట్లు తాకేది పాలిమర్‌ను కాదు, కొన్ని నానోమీటర్ల మందమున్న ఈ పొరను. అక్కడ రక్తం గడ్డకడుతుందా లేదా అన్నది చాలావరకు ఈ పొరమీదే ఆధారపడి ఉంటుంది. యాంత్రిక గుండె కవాటం అమర్చుకున్నవారు జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాల్సి రావడానికి ఇదీ ఒక కారణం.

ఎంత ప్రోటీన్ అతుక్కుంది అన్నది సగం ప్రశ్నే. ఏ ఆకారంలో అతుక్కుంది అన్నది మిగతా సగం. ఫైబ్రినోజెన్ రక్తంలో కరిగి తిరుగుతున్నంతసేపూ, విశ్రాంతిలో ఉన్న ప్లేట్‌లెట్లు దాన్ని పట్టించుకోవు. అదే ప్రోటీన్ ప్లాస్టిక్ మీద పరుచుకుని కాస్త విప్పుకుంటే, లోపల దాగిన భాగాలు బయటపడతాయి, ప్లేట్‌లెట్లు వచ్చి వాటిని పట్టుకుంటాయి. పైగా ఈ పొర నిలకడగా ఉండదు. ముందు చేరిన ప్రోటీన్లను తర్వాత వచ్చినవి తోసేస్తాయి. 1960లలో దీన్ని గమనించిన లియో వ్రోమన్ డచ్ భాషలో పేరున్న కవి కూడా. ఆ మార్పిడిని ఇప్పటికీ ‘వ్రోమన్ ప్రభావం’ అనే అంటున్నారు.

ఈ ఆకారాన్ని చదవడానికి పరారుణ వర్ణపట విశ్లేషణ మంచి సాధనం. ప్రోటీన్ గొలుసులోని పెప్టైడ్ బంధాలు 1600–1700 సెం.మీ.⁻¹ మధ్య పరారుణ కాంతిని శోషిస్తాయి. మెలితిరిగిన ఆల్ఫా హెలిక్స్ 1655 దగ్గర, బీటా షీట్ 1630 దగ్గర కనిపిస్తాయి. గొలుసు విప్పుకుంటే ఆ పట్టీ ఆకారం మారుతుంది. ప్రోటీన్‌కు రంగులేవీ తగిలించనక్కరలేదు.

చిక్కంతా నీటితోనే. నీరు కూడా 1640 దగ్గర బలంగా శోషిస్తుంది. ఏటీఆర్ పద్ధతిలో జెర్మేనియం వంటి స్ఫటికంపై పాలిమర్‌ను పలుచటి పూతగా వేసి, దానిమీదుగా ప్రోటీన్ ద్రావణాన్ని పారిస్తారు. స్ఫటికం లోపలే పరావర్తనం చెందే కాంతి బయటికి దాదాపు ఒక మైక్రాన్ లోతుకే చొచ్చుకుపోతుంది. కాబట్టి పొర పెరగడాన్ని నిమిషం నిమిషం చూడవచ్చు. అయినా ఆ మైక్రాన్‌లో ఎక్కువ భాగం నీరే. ఆ నీటి వాటాను లెక్కగట్టి తీసేయాలి.

ఈ శ్రమ తప్పించుకోవడానికి ఒక సులువు దారి ఉంది. పాలిమర్‌ను ప్రోటీన్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, ఆపైన వర్ణపటం తీయడం. నీటి పట్టీ మాయమవుతుంది, గీత ముచ్చటగా వస్తుంది. ప్రోటీన్ అతుక్కుందా అని తేల్చడానికి అది చాలు. కానీ ఆకారం మారిందా అన్న ప్రశ్నకు ఆరిన నమూనా సాక్ష్యం పనికిరాదు. ప్రోటీన్ ఆకారాన్ని నిలబెట్టేవాటిలో నీరు ముఖ్యం. కనిపించిన మార్పు పాలిమర్ తెచ్చిందా, ఆరబెట్టడం తెచ్చిందా అన్నది విడదీయలేం. కడిగినప్పుడే వదులుగా ఉన్నవి కొట్టుకుపోతాయి కూడా. అలాంటి వర్ణపటం చూపించి ఒక పూతను ‘రక్తానికి అనుకూలం’ అనడం తొందరపాటే.

తడి పద్ధతిలో మాత్రం మోసపోయే వీలు లేదా? ఉంది. నీటి వాటా కాస్త ఎక్కువ తీసేస్తే లేని నిర్మాణం పుట్టుకొస్తుంది. 2125 దగ్గర నీటికి ఉన్న చిన్న పట్టీ పూర్తిగా పోయిందా, కింద గుంట పడిందా అని చూడాలి. భారజలం వాడితే అడ్డం తొలగుతుంది గానీ ప్రోటీన్‌లోని హైడ్రోజన్లు మారి దాని శిఖరాలూ కొద్దిగా జరుగుతాయి. నైలాన్‌లోనైతే అమైడ్ బంధాలు ముందే ఉన్నాయి. ఇన్ని చిక్కుల మధ్య ఒకే పట్టీని అయిదారు శిఖరాలుగా చీల్చి, హెలిక్స్ శాతాన్ని దశాంశాలతో ప్రకటించడం అతి నమ్మకం.

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన గుండె కవాటాన్ని 1990లో తొలిసారి రోగికి అమర్చారు. దాని బిళ్ల పాలిథిలీన్‌తో చేసినదే. ఇప్పుడు విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్ శివారు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. పరికరాలు ఇక్కడే తయారవుతున్నప్పుడు, వాటి ఉపరితలం గురించి చెప్పే మాటకు ఇక్కడే గట్టి రుజువు ఉండాలి. ఉన్న ఎఫ్‌టీఐఆర్ యంత్రానికే ద్రవం పారే ఏటీఆర్ అరను జోడించవచ్చు. నీరు తీసేయని అసలు వర్ణపటాన్నీ, ఎంత తీశారన్న అంకెనూ వ్యాసంతో పాటు ఇవ్వమని పత్రికలు అడగాలి.

ఒక్క ఆల్బుమిన్‌తో చేసిన ప్రయోగాన్ని రక్తానికి అన్వయించడమూ మానాలి. లీటరు ప్లాస్మాలో ఆల్బుమిన్ 35–50 గ్రాములుంటే ఫైబ్రినోజెన్ 2–4 గ్రాములే, అయినా ప్లాస్టిక్ మీద దాని ప్రభావం ఎక్కువ. అన్ని ప్రోటీన్లూ కలిసిన పొరలో ఏది ఎంత ఉందో పరారుణం ఒక్కటే తేల్చలేదు. అందుకు యాంటీబాడీ పరీక్ష వేరుగా చేయాల్సిందే.