కిరసనాయిలు నానిన మట్టి మన చేలకు వలదు



గతమాసమున మన సంఘసభ్యులొకరు ఒక సందేహము తెచ్చిరి. వారి పల్లపు చేనును మెరకచేయుటకు మట్టిబేరగాడొకడు సగము ధరకే మట్టి తోలెదననెనట. పిడికెడు తీసి చూడగా కిరసనాయిలు వాసన వచ్చెను. ఎండకు వాసన పోవును గదా, తీసికొనవచ్చునా అని వారి ప్రశ్న. ఎంత చౌకయైనను తీసికొనరాదని నా అభిప్రాయము.

ఇట్టి మట్టి ఇంధనపు టాంకులున్న తావుల త్రవ్వకములలో బయటపడును. విమానక్షేత్రములు, అందునను సైనిక విమానక్షేత్రములు, అట్టి తావులలో ముఖ్యమైనవి. జెట్ విమానములకు పోయునది చాలవరకు కిరసనాయిలు జాతి తైలమే. మన మధురపూడి విమానాశ్రయము బ్రిటిషువారి కాలమున వేసినది. అచ్చటి నేల చెడినదని నా భావము కాదు. పరదేశమున జరిగిన దానిని చూచి మనము ముందుగా మేలుకొనవలెననుటయే నా తాత్పర్యము.

అమెరికాలో ఆల్బుకర్కీ నగరము నానుకొని కర్ట్‌లాండ్ అను సైనిక విమానక్షేత్రము కలదు. అచ్చట భూమిలోని ఇంధనపు గొట్టములు దశాబ్దములపాటు కారుచుండగా 1999 వరకు ఎవరును కనిపెట్టలేదు. కారినది 60 లక్షల గాలన్లని కొందరును, 240 లక్షల గాలన్లని కొందరును అంచనా కట్టిరి. ఆ చోట భూగర్భజలము సుమారు 500 అడుగుల లోతున నున్నది. అంత లోతునకును తైలము దిగెను. ఆ నీటిని తోడి శుద్ధిచేయుట 2015లో మొదలైనది. మన డెల్టాలోనో, పెక్కుచోట్ల పది పదునైదడుగులకే నీరు తగులును!

ఆ నీటిలో తేలిన విషములలో ఇథిలీన్ డైబ్రోమైడ్ ఒకటి. పూర్వపు విమాన పెట్రోలులో దానిని కలిపెడివారు. మన పెద్దలలో కొందరు దాని నెఱుగుదురు. ధాన్యపు పురుగునకై గాదెలలో పగులగొట్టిన ఇ.డి.బి. గాజుగొట్టములలోని మందు అదియే. తరువాత మనదేశమున దానిని నిషేధించిరి.

ఇక ఎండకు వాసన పోవుట మాట. తేలికపాటి భాగము ఆవిరియగుట నిజమే. బరువైన భాగము మట్టిరేణువులను పట్టుకొని నిలుచును. బెంజీను వంటివి నీటిలో కరగి బావికి చేరును. త్రాగునీటిలో బెంజీను లీటరునకు 0.01 మిల్లిగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. అంతటి స్వల్పభాగము ముక్కునకు తెలియదు. కావున వాసన లేకుండుట నిర్దోషత్వమునకు సాక్ష్యము కానేరదు.

నూనెను తిను సూక్ష్మజీవులు సహజముగా నేలలోనే కలవు. వానికి గాలి, తగుమాత్రపు తేమ, నత్రజని కావలెను. కుళ్లని గడ్డిని దున్ని వెంటనే నాటిన పైరు పసుపుబారుట మనమెఱిగినదే. గడ్డిని కుళ్లించు జీవులు నత్రజనిని ముందుగా లాగుకొనును. నూనె మట్టిలోనును అంతే. అందుచే నిపుణులు ఆ మట్టిని నీరింకని గట్టునేలపై పలుచగా పరచి, మాటిమాటికి దున్ని, తడి ఆరకుండ చూచుచు, నత్రజనిని భాస్వరమును చేర్తురు. నూనెలోని కర్బనము నూరు పాళ్లకు నత్రజని పది పాళ్లు, భాస్వరము ఒక పాలు అని ఉజ్జాయింపు లెక్క. ఢిల్లీలోని టెరీ సంస్థవారు ఇట్టి జీవులను ఎంపికచేసి ఆయిల్‌జాపర్ అను పేర సిద్ధపరచిరి, 2007లో ఓ.ఎన్.జి.సి.తో కలసి ఈ పనికై ఒక కంపెనీని స్థాపించిరి.

అయినచో మన చేలోనే ఆ చికిత్స చేసికొనరాదా? వరిచేనే అందుకు తగని తావు. నిలువనీటి క్రింద గాలియాడదు. గాలిలేనిచోట నూనె విరుగుట మిక్కిలి మందగించును. పైగా ధవళేశ్వరము కాలువలకు తలవాకిలి. 1852లో కాటన్ దొర ఆనకట్ట ముగించిన నాటినుండి ఇచ్చటి నీరే క్రిందివారి చేలకు పోవుచున్నది. మన గట్టు కరగి కాలువలో పడిన మట్టి మన యొక్కరి నష్టముతో తీరదు. సహకారసంఘము ఈ విషయమున కలుగజేసికొనవలెననుటకు నాకు తోచు ముఖ్యకారణమిదియే.

చెడిన మట్టిని బాగుచేయు వ్యయము చెఱచినవారిదే. రాజస్థానములోని బిచ్ఛ్రీ గ్రామపు వ్యాజ్యమున సుప్రీము కోర్టు 1996లో ఈ న్యాయమునే నిలిపెను. కలుషిత స్థలముల నిర్వహణకై కేంద్రప్రభుత్వము 2025లో నియమములను కూడ ప్రకటించినది. అట్టి మట్టిని చౌకకు కొన్నవాడు పరుల భారమును సొమ్మిచ్చి నెత్తికెత్తుకొన్నట్లే గదా.

ఇదివరకే తోలించుకొన్నవారు దానికి నీరు పెట్టక, చేలో కలియదున్నక, కుప్పగా చేర్చి టార్పాలిను కప్పి, జిల్లా అధికారులకు వ్రాతమూలముగా తెలుపవలెను. తోలినవాని రసీదును భద్రపరుపవలెను. వచ్చు సర్వసభ్యసమావేశమున నేనొక తీర్మానము తేదలచితిని. ఇంధనపు గొట్టములకును టాంకులకును దాపుననున్న సభ్యుల బావినీటిని, చేని మట్టిని సంఘపు ఖర్చుతో ఇప్పుడే పరీక్షింపించి, ఫలితములను తేదీతో సంఘపు రిజిస్టరున ఎక్కింపవలెను. రేపు నష్టము కలిగినయెడల, మునుపు మన నేల ఎట్లుండెనో చూపుటకు ఆ కాగితము తప్ప మనకు వేరు సాక్షి యుండదు. ఖర్చు అధికమని కార్యవర్గము వారు తలచినచో నా వంతు ముందుగా చెల్లించుటకు సిద్ధముగా నున్నాను.