కులాసా, ఖులాసా

లోక్‌సభలో ప్రతిపక్ష సభ్యుడెవరైనా లేచి, మంత్రిగారు "ఖులాసా" చేయాలని హిందీలో గద్దించినప్పుడల్లా గ్యాలరీలో నా చెవి ఒక్కసారి తడబడుతుంది. మనకు కులాసా అంటే క్షేమం, సుఖం, తీరిక. "ఇక్కడ మేమంతా కులాసా" అన్న మాట లేని ఉత్తరాన్ని మా తరం ఎరుగదు. వీధి అరుగుమీద కాళ్లు చాపుకొన్నవాడు కులాసాగా ఉన్నట్లు. పనిమాని తిరిగే కుర్రవాణ్ణి మందలించేటప్పుడు అదే మాట ఎత్తిపొడుపు. అరబ్బీలో సారాంశమనే అర్థంతో పుట్టిన ఈ పదం హిందీలో వివరణ, గుట్టు బయటపెట్టటం అయింది. తెలుగుదేశానికి వచ్చి హాయిగా విశ్రమించింది. (నేటి కుర్రకారు "లైట్ తీసుకో" అంటున్నారు. దానికి ఈ దర్జా లేదు.)

ఈ రెండర్థాలూ ఎదురుపడటం నేను అండమాన్‌లో చూశాను. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిరులో మనవారికి ఇంట తెలుగు, బజారున హిందీ. 2011 జనగణన ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి ఓడెక్కినవారు, వారి సంతానం. ఊరికి ఏమి రాస్తుంటారని రేవులో ఒక జాలరి పెద్దను అడిగాను.

"ఏటి రాస్తాం బాబూ, కులాసా అనే. పడవ పోయినా అదే రాస్తాం. ముసలమ్మకి నిద్ర పట్టాల గదా!"

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ ఒక్క మాట చెవిన పడటానికే ఇవతలి తీరంలో ఎన్నో ఇళ్లు కాచుకొని కూర్చొన్నవి.

ఆ జాలరి అబద్ధాన్ని నేను తప్పుపట్టను. నాకు కష్టం కలిగించేది ఢిల్లీ కులాసా. ఆ దీవులకు శాసనసభ లేదు, రాజ్యసభలో స్థానం లేదు. లోక్‌సభలో ఒక్కరే సభ్యుడు. 1967 ఎన్నికల వరకు ఆయననూ రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. ఇక ఇక్కడ చిక్కు ప్రశ్నలకు తరచు లభించే జవాబు ప్రసిద్ధమే: "సమాచారం సేకరించబడుతున్నది, సభ సమక్షాన ఉంచబడును."

విశాఖకు ఓడలు ఎందుకు పెంచరో మీ సభలో అడగమనండి అన్నాడు ఆ పెద్ద, నేను సెలవు తీసుకొంటుంటే. ఆ ప్రశ్న దీవుల సభ్యుడొక్కరిదే కాదు. ఓడ ఇవతలి కొస మన ఎంపీల నియోజకవర్గాలలోనే ఉన్నది. వచ్చే సమావేశంలో వారిలో ఒక్కరైనా లేచి, హిందీ అర్థంలోనే, ఖులాసా అడుగుతారేమో చూడాలి.