పొద్దుగూకేలోపు ఇవ్వాల్సిన కూలి

వాక్యంలో ఉన్నది ఉన్నట్టు పాటించాలని మన తెలుగు సంఘాల్లో తరచూ చెబుతారు. ఆ మాటంటే నాకు గౌరవం. దాన్ని నమ్మి బాప్తిస్మం రోజున ఒంటిమీది బంగారమంతా తీసేసిన ఆడవాళ్లు పెంతెకోస్తు సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. కమ్మలు, గాజులు, కొన్నిచోట్ల మంగళసూత్రం కూడా. అత్తింట్లో మాటలు పడ్డారు, పెళ్లిళ్లలో చుట్టాల చూపులు భరించారు. వాళ్ల విధేయతను వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. నా బాధల్లా, ఈ పట్టుదల ఆడవాళ్ల ఒంటి దగ్గరే ఆగిపోతోందని.

బంగారం వద్దనడానికి ఎత్తిచూపే వచనం తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో తొమ్మిదోది. అక్కడ బంగారంతో పాటు ముత్యాలు, ఖరీదైన బట్టలు, జడలు కూడా ఉన్నాయి. జడ వేసుకొచ్చిందని ఏ పాస్టరుగారూ ఒక విశ్వాసురాలిని మందలించగా నేను చూడలేదు. దానికి సరిగ్గా పైనున్న ఎనిమిదో వచనం మగవాళ్లకు. కోపం, తగాదా లేకుండా చేతులెత్తి ప్రార్థించమంటాడు పౌలు. సంఘం ఆస్తుల కోసం రెండు వర్గాలుగా చీలి, సాటి విశ్వాసుల మీద కోర్టుకెక్కిన పెద్దలు మనకు తక్కువేం లేరు. వాళ్లు ఆదివారం చేతులెత్తితే ఎవరూ అడ్డుచెప్పరు, ప్రభువు బల్ల దగ్గర ఎవరూ ఆపరు. కమ్మలు పెట్టుకొచ్చిన కొత్త కోడలిని మాత్రం పక్కకు పిలిచి మాట్లాడతారు. ఇది అన్యాయం.

ఇక కూలి సంగతి. కూలివాడికి ఇవ్వాల్సింది తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. పొద్దు గూకకముందే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. కారణం కూడా అక్కడే ఉంది: అతను పేదవాడు, ఆ డబ్బు మీదే ఆశ పెట్టుకుని ఉన్నాడు. పాత నిబంధన కదా అని తప్పుకోవడానికి వీల్లేదు. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం మళ్లీ హెచ్చరిస్తుంది.

ఒక ఊళ్లో మందిరం కడుతున్నారు. శ్లాబు పడింది, గోపురం లేచింది, సిలువకు లైట్లు కూడా పెట్టారు. తాపీమేస్త్రీకి బట్వాడా మాత్రం ఈ శనివారం కాదు, వచ్చే శనివారం అంటూ జరుగుతూ వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగి ఆయన మెట్ల దగ్గర నిలబడ్డాడు. వెనక సిమెంటు మోసిన ఇద్దరు ఆడకూలీలు, ఒకామె చంకలో బిడ్డ. ‘అయ్యా, వీళ్లకు నేను సమాధానం చెప్పుకోలేకపోతున్నాను’ అన్నాడు. ‘దేవుని పనే కదయ్యా, కానుకలు రానీ’ అన్నారు కోశాధికారిగారు. ఆయన చెడ్డమనిషి కాదు. తాను ఆజ్ఞ మీరుతున్నానన్న ఆలోచనే ఆయనకు రాలేదు. దశమభాగం గురించి మలాకీ మూడో అధ్యాయం మీద మన పుల్పిట్ల నుంచి విన్నన్ని ప్రసంగాలు కూలి గురించి విని ఉంటే వచ్చేది.

అన్నీ అక్షరాలా పాటించాలంటే కన్ను పెరికేసుకోవాలి కదా అని అడిగేవాళ్లున్నారు. పాపం ఎంత ప్రమాదమో గట్టిగా చెప్పడానికి ప్రభువు అలా అన్నాడని పసిపిల్లలకూ తెలుస్తుంది. కూలి ఆజ్ఞలో అలాంటి అలంకారమేదీ లేదు. ఇచ్చే వేళ కూడా అందులోనే ఉంది.

శత్రువును ప్రేమించమన్న మాటకూ ఒకతను వేరే అర్థం వెతుక్కోలేదు. డిర్క్ విల్లెమ్స్ నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌వాడు. పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నందుకు చెరలో వేశారు. తప్పించుకుని, పలచగా గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తాడు. చెర తిండితో చిక్కిపోయిన అతన్ని మంచు మోసింది, తరుముతున్నవాడి కింద విరిగింది. మునిగిపోతున్నవాడి కేక విని డిర్క్ వెనక్కి వచ్చి, అతన్ని బయటికి లాగాడు. అక్కడే పట్టుబడ్డాడు. 1569 మే 16న అతన్ని సజీవంగా కాల్చేశారు. అలా మళ్లీ బాప్తిస్మం తీసుకున్న అనాబాప్టిస్టుల పరంపరకే చెందిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు 19వ శతాబ్దం చివర్లో తెలంగాణకు వచ్చారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల ప్రాంతాల్లో ఆ సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. అంటే డిర్క్ మనకు పరాయివాడు కాడు. సండేస్కూల్లో దావీదు, గొల్యాతు కథతో పాటు అతని కథా చెప్పాలి.

హైదరాబాద్ హెబ్రోనులో భక్త్‌సింగ్ గారి సహవాసంలో స్త్రీలు తలమీద ముసుగు వేసుకునేవారు. అక్కడే అన్ని కులాలవాళ్లూ నేలమీద పక్కపక్కన కూర్చుని ప్రేమవిందు తినేవారు. రెండూ వాక్యం చెప్పిందనే చేశారు. ముసుగును మనం జాగ్రత్తగా కాపాడుకున్నాం. పిల్లలకు సంబంధాలు చూసేటప్పుడు మాత్రం, విశ్వాసుల కుటుంబమే అని తెలిశాక కూడా, ‘ఏమిట్లు?’ అని కులం అడుగుతూనే ఉన్నాం.

సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని కొండమీద ప్రసంగంలో ఉంది. కానుకల సంచి తిరిగే వేళ ఎవరైనా లేచి, ఇంట్లో పనిచేసే అమ్మాయికి రెండు నెలల జీతం బాకీ ఉందని వెళ్లిపోతే, ఆ సంఘంలో కూర్చోవాలని నాకు ఆశ. సంఘపెద్దలను నేను అడిగేది ఇంకా చిన్నది. నెలాఖరు లెక్కలు చదివేటప్పుడు వచ్చిన కానుకలు, అయిన ఖర్చులతో పాటు ఎవరికి ఎంత కూలి, ఎన్నాళ్లుగా బాకీ ఉందో కూడా సంఘం ముందు చదవండి. ఆ బాకీ తీరేదాకా రంగులు, మైకులు, కొత్త కుర్చీలు ఆపండి.