కోడి కంపెనీది, కిస్తీ రైతుది: లీనా ఖాన్ పట్టుకున్న ముచ్చట

మా పక్కూరి తమ్ముడొకడు బ్యాంకుల అప్పు తెచ్చి కోళ్ల షెడ్డు ఏసిండు. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు బిల్లు, కిస్తీ మాత్రం ఆయనవి. బ్యాచ్ ఎత్తినంక కిలోకు ఇంత అని పెంపకం కూలి ఇస్తరు. ఎంతియ్యాల్నో కంపెనీయే రాస్తది. ఆ దిక్కు ఇంకో కంపెనీ బండి రాదు.

అమెరికాల కూడా గిదే కథ. ఆడ ఇంకో మెలిక: ఒకే కంపెనీకి పెంచే రైతులను ఒకరితోని ఒకరిని పోల్చి, ఎనుకబడ్డోళ్ల కూలి కోస్తరు. 2010ల సర్కారు విచారణలు పెడితే నోరు ఇప్పనీకి రైతులు భయపడ్డరు. ఈ సంగతి 2012ల ఒక పత్రికల రాసింది లీనా ఖాన్. అప్పటికి వకీలు కూడా కాదు. లండన్‌ల పాకిస్తానీ ఇంట్ల పుట్టి, 11 ఏండ్లకు అమెరికా పోయిన పిల్ల.

తర్వాత యేల్‌ల లా సదువుకుంట 2017ల అమెజాన్ మీద ఒక పెద్ద వ్యాసం రాసింది. 1970ల చివరి నుంచి అమెరికా కోర్టులు ముఖ్యంగ ఒక్కటే చూస్తున్నయి: కొనేటోనికి రేటు పెరిగిందా, లేదా? పెరగకుంటే కంపెనీలు ఒకదాన్నొకటి మింగినా పెద్దగ పట్టించుకోరు. ఆమె ఏమన్నదంటే, సస్తగ అమ్ముకుంటనే బజారంత గుప్పిట్ల పెట్టుకోవచ్చు, అమ్మేటోడు, పనిచేసేటోడు ఎట్ల నలుగుతున్నరో రేటు ఒక్కటి సూస్తే కనబడదని. కోళ్ల రైతు బాధ కూడా గిదే కదా. దుకాణంల చికెన్ అగ్గువకే దొరుకుతది మరి.

2021 జూన్‌ల ఆమెను ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఛైర్‌పర్సన్ చేసిన్రు. 32 ఏండ్లు. సెనేట్‌ల 69–28 ఓట్లు, రెండు పార్టీలవీ. క్రోగర్, ఆల్బర్ట్‌సన్స్ అనే రెండు పెద్ద కిరాణా కంపెనీలు కలుస్తమంటే కేసేసింది. సరుకుల రేట్లే కాదు, దుకాణాల పనిచేసేటోళ్ల జీతాలు కూడా దెబ్బతింటయని అండ్ల రాయించింది. 2024 డిసెంబర్‌ల కోర్టు ఆ కలయికను ఆపింది. ఓడిపోయిన కేసులు కూడా ఉన్నయి. మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ను కొనకుంట ఆపలేకపోయింది. కొలువు ఇడిసినోళ్లను పోటీ కంపెనీల చేరనియ్యని షరతులను రద్దు చేస్తే, టెక్సాస్ కోర్టు ఆ రూలునే కొట్టేసింది. గెలవని కేసులు ఏస్తదని ఎక్కిరించిన్రు. ఆ మాటల కొంత నిజం లేకపోలే. అయినా గెలిచే కేసులే ఏస్త అనేటోళ్లతోని చట్టం కదలదు.

2025 జనవరిల ఆమె దిగిపోయింది.

మన దగ్గర ఇసుంటి కొట్లాట లేకనా? 2006ల బీటీ పత్తి ఇత్తుల ప్యాకెట్ రేటుల రూ.1,250 దాకా టెక్నాలజీ రుసుమే ఉంటే, అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు మహికో మోన్సాంటో మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. ఆ ఏడే ప్యాకెట్ రూ.750కి దిగింది. గిది మన పత్తి చేన్ల ముచ్చటే.

ఇప్పుడున్న 2002 కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్ల అమ్మే ధరతోపాటు కొనే ధర అన్న మాట కూడా ఉన్నది. బజారు మీద పట్టున్న కంపెనీ అన్యాయపు ధరకు కొంటే అదీ తప్పే. రైతైనా, సంఘమైనా ఫీజు కట్టి కమిషన్‌కు రాయొచ్చు. కంపెనీకి పట్టున్నదని రుజువు చేసుడే కష్టం. దానికి లెక్కలు కావాలె, వకీలు కావాలె.

మా తమ్ముని కాడ కంపెనీ ఇచ్చిన అగ్రిమెంటు కాయితం ఒక్కటే ఉన్నది, ఇంగ్లీషుల. మొన్న మడిచి జేబుల పెట్టుకోని తెచ్చి, సదివి చెప్పన్నా అన్నడు.