కంచంలో కులం – 11
అమ్మ కొర్రల ప్యాకెట్ తిరిగి పెట్టేసింది



పోయిన వారం క్లాసు అయిపోయాక ఎం.ఏ. చదివే ఒక చెల్లె వెంట వచ్చింది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూచున్నం. "మేడం, మీరు మన తిండి గొప్పది అంటరు. అంబలి, గటక, తొక్కు అంటరు. కానీ అవి ఇప్పుడు మేం కొనే ధరల ఉన్నయా? నా స్కాలర్‌షిప్ పైసలతోని కిలో కొర్రలు కొంటే వారం చాయ్ బందు పెట్టాలె" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం జవాబు దొరకలేదు. ఈ వ్యాసం ఆ చెల్లెకు బాకీ పడ్డ జవాబు.

ముందు మా ఇంటి ముచ్చట చెప్తాను. మా అమ్మకు షుగర్ వచ్చింది. డాక్టర్ తెల్లన్నం తగ్గించి చిరుధాన్యాలు తినమన్నాడు. తార్నాకలో ఒక ఆర్గానిక్ షాపుకు తీసుకుపోయాను. చెక్క అరలు, గోనెసంచి రంగు ప్యాకెట్లు, వాటి మీద తలకు తువ్వాల చుట్టుకున్న రైతు బొమ్మ. అమ్మ ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇవి కొర్రలేనా బిడ్డా?"

"అవునే."

"ఎంత?"

"కిలో నూట అరవై."

అమ్మ ఆ ప్యాకెట్‌ను ఎక్కడ తీసిందో అక్కడే పెట్టేసింది. "ఇవి తింటున్నమని ఎవ్వరన్న చూస్తరేమోనని తలుపు దగ్గరేసుకుని తిన్నం గదనే. ఇప్పుడు నూట అరవయ్యా?" అని బయటికి నడిచింది.

అమ్మ మాటలో ఉన్నది ధర ఒక్కటే కాదు. బియ్యం అన్నం దొరల ఇంట్లో, పండుగ పూట మా ఇంట్లో. మిగతా రోజులంతా జొన్న గటకే. బడిలో సద్ది మూత తీస్తే పక్కపిల్లలు జరిగి కూచునేవాళ్లు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు వాడకు అన్నం వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు రోజూ రెండు పూటలా అన్నం తిన్న ఇళ్లలోంచి వచ్చినవాళ్లే. తెల్లన్నం మాకు కడుపు నింపింది, కొంత మర్యాద కూడా ఇచ్చింది. అదే సమయంలో ప్రభుత్వ కొనుగోళ్లు, బోరుబావులు, ఎరువుల సబ్సిడీ అన్నీ వరి వెంట నడిచాయి. జొన్న, కొర్ర, సామ, తైద చెలకల్లోంచి పోయాయి. అవి ఇప్పుడు ప్యాకెట్లో తిరిగి వచ్చాయి. వాటిని తిన్నందుకు సిగ్గుపడ్డ మనిషి చేతికి మాత్రం అందడం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మన పాత తిండిని అమృతం చేయొద్దు. మా ఇంటికి నడిచి పోయేంత దూరంలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది. 1960ల్లో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు ఇక్కడ పెల్లాగ్రా రోగం మీద పరిశోధన చేశారు. చర్మం నల్లబడి పగిలి, విరేచనాలు పట్టి, మనిషి మతి తప్పే రోగం. దక్కన్‌లో అది ఎవరికి వచ్చింది? జొన్న తప్ప వేరే ఏమీ దొరకని పేద కూలీలకు. జొన్న చెడ్డది కాదు. జొన్న పక్కన పప్పు, గుడ్డు, మాంసం, పాలు లేకపోవడం చెడ్డది. కాబట్టి "మీ తాతలు చిరుధాన్యాలు తిని ఉక్కులా ఉండేవాళ్లు" అని ఎవరైనా అంటే ఒక్క మాట అడగండి: ఏ తాతలు, ఎంత కాలం బతికారు?

ఇక లెక్కకు వద్దాం. చెల్లె అడిగింది లెక్కే కదా.

అదే సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రెండు వేల కేలరీల కంచానికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, పండ్లు 100, గింజలు 35, పాలు 300 మిల్లీలీటర్లు అని చెప్పింది. మా ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన, బిడ్డ, అమ్మ. బిడ్డకు కొంచెం తక్కువ పడుతుంది గానీ లెక్క సులువు కోసం అందరినీ సమానం చేశాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. తిండికి నెలకు 12 వేలు మించి తీయలేం.

నెలకు 30 కిలోల ధాన్యం కావాలి. ఊరి కార్డు మీద అమ్మ వంతు సన్నబియ్యం ఆరు కిలోలు ఉచితంగా వస్తాయి. మిగతా బియ్యం, జొన్నలు, అమ్మ కోసం కిరాణా కొట్లో విడిగా కొనే రెండు కిలోల కొర్రలు కలిపి 1,460. కూరగాయలు 48 కిలోలు. సంతలో సగటున కిలో 40 వేసుకున్నా 1,920. పప్పు ఏడు కిలోలు 980. గుడ్లు అరవై, 420. ఆదివారానికో కిలో పెద్దకూర, నెలకు 1,280. పాలు 36 లీటర్లు, 2,304. పల్లీలు 630, నూనె 640, పండ్లు 840. ఉప్పు, కారం, చాయ్‌పత్తా, చక్కెర ఓ వెయ్యి. మొత్తం 11,474. చేతిలో మిగిలేది 526 రూపాయలు.

ఇప్పుడు ఒక్క కూరగాయలనే ఆర్గానిక్ షాపులో కొందాం. సగటున కిలో 110 అనుకుంటే 5,280. అంటే 3,360 ఎక్కువ. మిగులు 526 వేసి, గుడ్లు మానేసి, పెద్దకూర మానేసి, పల్లీలు కూడా మానేస్తే వచ్చేది 2,856. ఇంకా 504 తక్కువే. అంటే మా ఇంట్లో గుడ్లు, పెద్దకూర, పల్లీలు తీసి పక్కన పెట్టినా మందులేని వంకాయ పూర్తిగా రాదు. సేంద్రియ తిండి "ఆరోగ్యం మీద పెట్టుబడి" అని చెప్పేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేయరు. ఎదిగే పిల్ల ముందర గుడ్డు తీసేసి ఆర్గానిక్ సొరకాయ పెట్టడం ఆరోగ్యం కాదు.

"లోకల్ తినండి" అన్న మాటకు వద్దాం. సరే, తింటాం. మా లోకల్‌లో పెద్దకూర ఉంది. ఎండబెట్టిన తునకలు ఉన్నాయి, బోటి ఉంది, ఎండు చేపలు ఉన్నాయి. ఐరనూ మాంసకృత్తులూ అక్కడ దొరుకుతాయి. 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి మర్నాడు, ఇదే ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసుకుంటే దాడులు జరిగాయి. చిరుధాన్యాల మేళాకు రిబ్బన్ కత్తిరించే చేతులు ఆ రోజు మన కంచం వైపు రాలేదు. గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని బాబాసాహెబ్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో విప్పి చూపించాడు. మన వంటింట్లోంచి జొన్నను తీసుకుని, తునకను గడప బయటే ఉంచే "లోకల్" నాకు అక్కర్లేదు.

ఇంతవరకూ చదివి "అయితే మేడం ఆర్గానిక్ అంతా డబ్బున్నోళ్ల ముచ్చట అని తేల్చేసింది" అనుకోకండి. అట్లా తేల్చేసి నేను నిద్రపోలేను. కారణం మా నాయిన.

జనగామ వైపు మా ఊళ్లో నాయిన పత్తి చేన్లకు కూలికి మందు కొట్టేవాడు. వీపు మీద పంపు, ముక్కుకు తువ్వాల, ఒట్టి కాళ్లు. సాయంత్రం ఇంటికొస్తే తల పట్టుకుని కూచునేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మందు వాసన అనేవాడు. అమ్మ ఆ చేన్లోనే పత్తి ఏరేది. చేతులంతా దద్దుర్లు. చేను వాళ్లది, పంట వాళ్లది, మందు వాసన మాది. నగరంలో ఆర్గానిక్ గురించి మాట్లాడేవాళ్లు "నా కంచంలోకి ఎంత మందు వస్తుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కంచానికి చేరేలోపు ఆ మందు ఎవరి ఊపిరితిత్తుల్లోంచి పోయిందని ఎవరూ అడగరు. కాబట్టి సంతలో నేను 40 రూపాయలకు కొనే కూరగాయ చౌక కాదు. దాని అసలు ధరలో కొంత నేను కడుతున్నాను, మిగతాది మా నాయినలాంటి కూలి మనిషి ఒంటితో కడుతున్నాడు. ఇది నాకు తెలుసు. తెలిసీ సంతకే పోతున్నాను, ఎందుకంటే నా దగ్గర ఉన్నది 526 రూపాయలు. ఈ ఇరకాటాన్ని దాచిపెట్టి మీకు నీతులు చెప్పలేను.

మరి ఆ 526 ఏం చేస్తున్నాను? మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తున్న పద్ధతి చెప్తాను. పాటించమని కాదు, మీ లెక్క మీరు వేసుకోవడానికి.

గుడ్డు, పప్పు, మాంసం, పాలు ముట్టుకోను. ఏది తగ్గినా అవి తగ్గవు. ప్యాకెట్ కొనను, విడిగా కొంటాను. మేం నాలుగు ఇళ్ల వాళ్లం కలిసి జొన్నలు కోతల తర్వాత ఊళ్లో తెలిసిన రైతుల దగ్గర నేరుగా ఏడాదికి సరిపడా తెచ్చుకుంటాం. కిరాణా కొట్టు కన్నా తక్కువకే వస్తాయి, ఆ రైతుకు దళారి కన్నా ఎక్కువ ముడుతుంది. ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాల్లో పోస్తాం. మిగిలే ఐదు వందలు ఆకుకూరలకు. వారానికోసారి ఊరి నుంచి గంపతో వచ్చే ఒక అవ్వ ఉంది. తోటకూర, గోంగూరతో పాటు పొన్నగంటి, గునుగు, తుమ్మి కూడా తెస్తుంది. వాటిని ఎవరూ విత్తరు, ఎవరూ మందు కొట్టరు. అవ్వ దగ్గర ఏ ముద్రా ఉండదు. చట్టం కూడా నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు, ఏటా 12 లక్షల లోపు అమ్మకాలుంటే, సేంద్రియ ధ్రువపత్రం తప్పనిసరి కాదంటుంది. ముద్ర లేనంత మాత్రాన మందు కొట్టినట్టు కాదు. పండ్లు ఏ కాలానివి ఆ కాలంలోనే: జామ, రేగు, సీతాఫలం. మా పక్కనే ఉన్న సీతాఫల్‌మండి పేరులోనే మండి ఉంది, మనం ఆపిల్ కోసం కశ్మీర్ దాకా చూస్తాం.

ఇదంతా ఒక ఇంటి సర్దుబాటు. ఉద్యమం కాదు. ఉద్యమం ఎక్కడ జరిగిందో చూడాలంటే జహీరాబాద్ వైపు పోవాలి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు. దాదాపు 75 ఊళ్లలో, నీళ్లు లేని ఎర్రచెలకల్లో, ఒకే చేనులో పది ఇరవై పంటలు కలిపి పండించారు. విత్తనాలు ఇంట్లోనే దాచుకున్నారు. 1990ల మధ్యలో బీడు భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్ని ఊళ్లోనే నిలవ చేసి, ఊళ్లోని పేద ఇళ్లకు తక్కువ ధరకు తామే పంచారు. బియ్యం మీద నడిచే రేషన్‌కు జొన్న రేషన్‌తో జవాబు చెప్పారు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మా జనగామ వైపే ఏనబావి ఊరు 2006 నాటికే ఊరంతా రసాయనాలు వదిలేసింది. వీళ్లెవరూ షాపులో ప్యాకెట్ కొని మారలేదు. భూమి, విత్తనం, గింజల నిలవ తమ చేతిలో పెట్టుకుని మారారు.

అందుకే మనం అడగాల్సింది "ఆర్గానిక్ కొనగలమా?" అని కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాన్ని కిలో రూపాయికి ఇవ్వొచ్చని రాసింది. మా ఊరి రేషన్ షాపులో ఒక్క జొన్న గింజ కూడా ఎందుకు లేదు? 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. సంక్షేమ హాస్టళ్ల మెస్సుల్లోకి వారానికి రెండు పూటలు జొన్నరొట్టె ఎందుకు రాలేదు? ఆ జొన్నల్ని ప్రభుత్వం మద్దతు ధరకు దళిత మహిళా రైతుల దగ్గరే ఎందుకు కొనదు? హాస్టల్ మెస్ పెద్ద కొనుగోలుదారు. నా 526 రూపాయలతో మందు కొట్టే కూలి మనిషి పంపు దించలేను. వందల హాస్టళ్ల కొనుగోలు దించగలదు. విద్యార్థి సంఘాలు ఈసారి మెస్ డిమాండ్ల కాగితం రాసేటప్పుడు "నాణ్యమైన భోజనం" అన్న పాత వాక్యం కింద ఇంకో మూడు వాక్యాలు రాయండి: ఏ ధాన్యం, ఎవరి దగ్గర కొన్నది, గుడ్డు వారానికి ఎన్ని రోజులు.

చెల్లె, నీ ప్రశ్నకు ఇదీ నా జవాబు. కిలో కొర్రల కోసం చాయ్ బందు పెట్టకు. రోజుకో గుడ్డు తిను. నెలకోసారి నీ రూములో నలుగురు కలిసి జొన్నలు తెచ్చుకోండి, రొట్టె చేయడం రాకపోతే గటక వండుకోండి, అది ఎవరికైనా వస్తుంది. మెస్ కమిటీ మీటింగుకు తప్పకుండా పో.

అమ్మ ఇప్పుడు ఉదయం జొన్న గటక, మజ్జిగ తాగుతోంది. షుగర్ కొంత దిగింది. మొన్న ఎదురింటామె వచ్చి "ఏం తింటున్నరు ఆంటీ, మిల్లెట్సా?" అని అడిగింది. అమ్మ గిన్నె దాచలేదు. "గటకమ్మా, మా గటక" అంది. తలుపు తెరిచే ఉంది.

వచ్చే వారం: మెస్ టెండర్లలో ఎవరున్నారు?

జై భీమ్.