ఉమ్మడిపెట్టెకు వేరుకాపురం

గిటారు వాయించేవారికి బాగా పరిచయమైన పెట్టె ఒకటుంది. పైభాగాన ఆంప్లిఫయరు, క్రిందిభాగాన స్పీకరు, రెంటికీ కలిపి ఒకటే గూడు. ఆంగ్లంలో కాంబో అంటారు. నేను ఉమ్మడిపెట్టె అంటున్నాను. ఇంతకంటె మంచి మాట తోచినవారు సెలవివ్వగలరు. గిద్దలూరులోని మిత్రులొకరు తమ పాత వాల్వుల ఉమ్మడిపెట్టెను కోయించి, ఆంప్లిఫయరు వేరు, స్పీకరు వేరు చేయించదలచారు. పాతవస్తువును పాడుచేయడం కాదా అని ఇంట్లోవారి అభ్యంతరం. నా మటుకు నాకు ఇరువురి మాటలోనూ సగం న్యాయం కనబడుతున్నది. వేరుచేయవచ్చును, పాత గూటిమీద మాత్రం రంపం పెట్టరాదు.

వేరుచేయడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో తిరునాళ్ళకో, పద్యనాటకానికో మైకుసెట్టు వచ్చినప్పుడు మీరూ గమనించే ఉంటారు. ఆంప్లిఫయరు పందిరిమూలన బల్లమీద ఉంటుంది; హారన్లు చెట్టుకొమ్మకో, గుంజకో వ్రేలాడతాయి. ఒకదాని జబ్బు రెండోదానికి అంటదు. ఉమ్మడిపెట్టెలో అలా కాదు. స్పీకరు అదురు నేరుగా వాల్వులకు తగులుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాల్వు లోపలి సన్నని భాగాలు వదులై, అది తానే గణగణమంటుంది. సోల్డరింగు అతుకులు బీటలు వారుతాయి. ఇక ట్రాన్స్‌ఫార్మర్ల బరువు, స్పీకరు అయస్కాంతం బరువు ఒకే పిడిమీద పడితే ఎంత భారమో, దానిని బస్సెక్కించినవారికే తెలియాలి.

చరిత్రలో దీనికొక పెద్ద ఉదాహరణ ఉంది. 1950లలో ఫెండరు కంపెనీ బాస్‌మన్ ఉమ్మడిపెట్టెగానే వచ్చింది. 1962లో లండనులో జిమ్ మార్షల్ దుకాణంవారు దాదాపు అదే సర్క్యూటును తీసుకుని విడి ఆంప్లిఫయరుగా కట్టారు. కొద్దికాలంలోనే దానిక్రిందకు నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లతో, వెనుక పూర్తిగా మూసిన పెట్టె చేరింది. విడిభాగాలలో కొన్ని తేడాలున్నమాట నిజమే. అయినా ధ్వని అంతగా మారిపోవడంలో పెట్టె పాత్ర తక్కువది కాదు. వెనుక తెరచి ఉన్న పెట్టెలో స్పీకరు ముందుకూ వెనుకకూ పలుకుతుంది. మంద్రస్థాయిలో ఆ రెండు అలలూ ఒకదానినొకటి కొంత చెరిపివేసుకుంటాయి. మూసివేస్తే మంద్రం గట్టిపడుతుంది. వీణకు కుండ ఎటువంటిదో, స్పీకరుకు దాని గూడు అటువంటిది.

అందుచేతనే రంపం వద్దంటున్నాను. మార్కాపురం పలకల ఊరు. పలక చట్రం వదులైతే చట్రం మారుస్తాము గానీ రాతిని కోయము. ఇక్కడ ఏది రాయి, ఏది చట్రం అన్నదే ప్రశ్న. నా దృష్టిలో స్పీకరూ, దాని పాత గూడూ కలిసి రాయి. ఆంప్లిఫయరును మరలు విప్పి బయటికి తీసి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో గాలి ఆడే చిన్నపెట్టెలో అమర్చాలి. పాతగూటిలో ఏర్పడిన ఖాళీని పలకచెక్కతో, పాత మరల రంధ్రాలలోనే బిగించాలి. వెనుక తెరపి మునుపెంత ఉండేదో అంతే ఉంచాలి.

మన మైకుసెట్టు మెకానిక్కుల హస్తవాసి గొప్పదే. కానీ ఒక అలవాటును ఇక్కడ విడిచిపెట్టాలి. మైకుసెట్లలో 100 వోల్టుల లైను ఉంటుంది. ప్రతి హారనుకూ ఒక ట్రాన్స్‌ఫార్మరు తగిలించి, మొత్తం వాట్లు ఆంప్లిఫయరు శక్తిని మించనంతవరకు కలుపుకుంటూ పోవచ్చును. గిటారు ఆంప్లిఫయరుకు ఆ సౌకర్యం లేదు. 8 ఓముల చోట 8 ఓములే ఉండాలి. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4, వరుసగా కలిపితే 16 అవుతుంది. వేరుకాపురంలో తీగ ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. స్పీకరు లేకుండా వాల్వు ఆంప్లిఫయరును మ్రోగిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. రెంటి నడుమ గిటారు తీగ పనికిరాదు, లావుపాటి స్పీకరు తీగే వాడాలి. ప్లగ్గు పీకినా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చును. వాటిని ఖాళీచేయడం తెలిసినవారే మూత విప్పాలి.

ఆ తెలిసినవారి సంగతే నాకు బెంగ. వాల్వు రేడియోలు బాగుచేసిన తరం ఇప్పుడు ముసలితనంలో ఉంది. పాతపెట్టెను కదపకుండా మూలన ఉంచితే చెక్క మిగులుతుంది, విద్య మిగలదు. వారి చేయి ఆడుతుండగానే ఇటువంటి పనులు అప్పగించి, ప్రక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టడం మేలు. పని పూర్తయ్యాక ఏ తీగ ఎక్కడ కలిపారో, ఏ సంవత్సరంలో చేశారో గూటి లోపలిచెక్కమీద పెన్సిలుతో వ్రాయించండి. మరలు విప్పి మళ్ళీ ఒకటి చేయదలచినవారికి అది పనికివస్తుంది. భిన్నాభిప్రాయం ఉన్నవారు నిస్సంకోచంగా తెలుపగలరు.