పరీక్షకు ముందే సూదా?

గాయాలను త్వరగా మాన్పుతుందని చెప్పే బీపీసీ-157 పెప్టైడ్ సూదిమందును మనుషులకు అమ్మడం ఆపాలి. మనుషుల మీద పద్ధతిగా పరీక్షించడం మొదలుపెట్టాలి. మొదటి మాట అనేవారు రెండోది అనరు. రెండోది అడగాల్సినవారు అప్పుడే సూదులు కొనేస్తున్నారు. ఈ పెప్టైడ్‌పై 2025లో ఎముకల వైద్యుల పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. అందులో తీసుకున్న అధ్యయనాలు 36. వాటిలో 35 జంతువులకో, ప్రయోగశాలలోని కణాలకో సంబంధించినవి. మనుషులది ఒక్కటే.

ఆ ఒక్కటీ మోకాలి నొప్పి మీద. సూది తీసుకున్న 12 మందిలో ఏడుగురికి ఆరు నెలలు దాటి ఉపశమనం కలిగిందన్నారు. మందు లేని సూది వేసి పోల్చి చూడలేదు. మోకాలి నొప్పి దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని బెంగళూరు చిక్కపేటలో బట్టల బేళ్లు మోసే ఏ హమాలీని అడిగినా చెబుతాడు.

ఎలుకల ఫలితాలు తీసిపారేయదగ్గవి కావు. తెగిన మడమ స్నాయువు త్వరగా అతుక్కుంది, వాపు తగ్గింది, కొత్త రక్తనాళాలు పుట్టాయి. కానీ పుండుకు మేలు చేసే కొత్త రక్తనాళం బయటపడని కణితికీ మేత కావచ్చు. దానికి జవాబు ఆ 35లో దొరకదు. పైగా ఈ పరిశోధనలో అధికభాగం క్రొయేషియాలోని జాగ్రెబ్ బృందానిదే. 2015లో 42 మంది ఆరోగ్యవంతులతో తొలి దశ పరీక్ష నమోదైంది, దాని ఫలితాలు అచ్చుకాలేదు.

'ఈ పెప్టైడ్ మన జీర్ణరసంలోదే కదా, సహజం' అనే వాదన మరీ విసుగు పుట్టిస్తుంది. సీసాలో ఉన్నది కృత్రిమంగా కూర్చిన 15 అమైనో ఆమ్లాల గొలుసు. ఇన్సులిన్ మన ఒంట్లోనే పుడుతుంది, మోతాదు తప్పితే ప్రాణం తీస్తుంది.

క్రీడాకారులకు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022లోనే దీన్ని నిషేధించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో భద్రతా సందేహాలున్న పదార్థాల్లో చేర్చింది. మన దేశంలో 'పరిశోధనకు మాత్రమే' అని చీటీ అంటిస్తే చాలు, సీసా ఆన్‌లైన్‌లో ఇంటికొస్తుంది. మన 2019 నిబంధనల ప్రకారం, క్లినికల్ ట్రయల్‌లో చేరినవారికి హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. నైతిక కమిటీ కాపలా ఉంటుంది. అదే సూదిని డబ్బు పెట్టి కొనుక్కున్నవారికి ఇవేవీ లేవు. పరీక్షకు ఒప్పుకున్నవారికి రక్షణ ఉంది, తెలియక పరీక్షా వస్తువైనవారికి లేదు. ఇంతకంటే తలకిందుల విధానం ఉంటుందా?

మోతాదు పట్టికతో అమ్మే సీసా పరిశోధన సరుకు కాదు, అనుమతి లేని మందు. ఔషధ నియంత్రణ శాఖ దాన్ని అలాగే పట్టుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి డబ్బు పెట్టి, ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష జరిపించి, మంచైనా చెడైనా ఫలితాలు ప్రకటించాలి. భుజాలు అరిగిపోయిన కూలీకి నిజంగా పనిచేసే మందు కావాలి. 36 అధ్యయనాల్లో 35 మనుషులవి కావని తెలిసీ అమ్మకాన్ని చూస్తూ కూర్చుంటే, ఆ జంతువుల వరసలో ప్రజల్ని నిలబెడుతున్నది ప్రభుత్వమే.